ఒక వాషరు తక్కువ

ఆ సోమవారం పొద్దున అయిదున్నరకు చెవి మేస్త్రి నడుముకు వేలాడే తీగచుట్టలో ముప్ఫై ఏడు ఇత్తడి వాషర్లు ఉన్నాయి. గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కున్నాక బొటనవేలితో ఒక్కొక్కదాన్నే పక్కకు నెడుతూ లెక్కపెట్టుకోవడం ఆయనకు మొహం కడుక్కోవడం లాంటి అలవాటు. చివరిదాకా వచ్చాక, ఇంకోసారి వెనక నుంచి ముందుకు.

"పిల్లలందరూ ఉన్నారా, ఎవరైనా తప్పిపోయారా?" అంది భార్య లోపలి నుంచి.

పాతికేళ్లుగా అదే హాస్యం. పాతికేళ్లుగా ఆయన దానికి జవాబు చెప్పలేదు.

నీటి సరఫరా విభాగంలో ఆయన వాల్వు మేస్త్రి. ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదలాలి, ఎక్కడ పైపు పగిలితే ఏ వాల్వు కట్టెయ్యాలి అన్నది ఆయన పని. చేతిలో ఎప్పుడూ అయిదడుగుల ఇనుప కడ్డీ ఉంటుంది. దాని ఒక కొన వాల్వు మీద ఆనించి, రెండో కొనకు చెవి ఆనించి కళ్లు మూసుకుంటాడు. కింద నీళ్లు నడుస్తున్నాయా, నిలబడ్డాయా, ఎక్కడైనా కారిపోతున్నాయా అన్నది ఆ చప్పుడును బట్టి చెబుతాడు. అందుకే చెవి మేస్త్రి. అసలు పేరు జీతాల గుమస్తాకు తప్ప ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు.

వాషర్లు ఆయన కనిపెట్టినవి కావు. తనకు పని నేర్పిన పెద్ద మేస్త్రి దగ్గర్నుంచి వచ్చాయి. ఊళ్లో పైపులు చాలాచోట్ల చుట్టూ తిరిగి మళ్లీ తమనే కలుసుకుంటాయి. అలా వదిలేస్తే ఒక ఇంటికి నీళ్లు ఈ వైపు నుంచి వస్తున్నాయో ఆ వైపు నుంచి వస్తున్నాయో చెప్పలేం. మురికి ఎక్కడ చేరుతుందో తెలీదు, ఎక్కడ పగిలిందో పట్టుకోలేం. కాబట్టి అలాంటి ప్రతి చక్రంలోనూ ఒక వాల్వును మూసి ఉంచాలి. మామూలు రోజుల్లో ఏ ఇంటికైనా నీళ్లు ఒక్క దారినే రావాలి. పగిలినప్పుడో మరమ్మతులప్పుడో మూసినదాన్ని తెరిచి రెండో దారి ఇవ్వాలి. మూసి ఉంచిన ఒక్కో వాల్వుకు ఒక్కో వాషరు, దాని మీద మేకుతో కొట్టిన నంబరు. తెరిచినప్పుడు వాషరు తీగలోంచి బయటికి, మూసినప్పుడు లోపలికి. ఈ పద్ధతి ఏ రిజిస్టరులోనూ లేదు.

మేస్త్రి రిటైరవడానికి ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. ముప్ఫై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదు. ఆ సంగతి ఆయన ఎక్కడా చెప్పుకోడు గానీ, ఎవరైనా చెబితే వింటాడు.

ఆ వారం ఆఫీసులో అందరి నోటా ఒకటే మాట, గురువారం షట్‌డౌన్. ప్రసూతి ఆసుపత్రి వీధి మొదట్లో, మెయిన్ రోడ్డు పైపు నుంచి చీలేచోట ఉన్న వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దాన్ని కోసి తీసి కొత్తది వెయ్యడానికి పది గంటలు పడుతుంది. ఆ పది గంటలూ ఆ వీధికి మెయిన్ నుంచి చుక్క నీరు రాదు. ఇంజనీరు మాత్రం నిశ్చింతగా ఉన్నాడు.

"ఆసుపత్రికి ఇంకో దారి ఉంది కదా. ప్రెస్సు రోడ్డు వైపు నుంచి వస్తాయి. కంప్యూటరే చెప్పింది," అన్నాడు.

కంప్యూటరు చేత చెప్పించింది కాలేజీలో లెక్కలు చెప్పే ఒక అమ్మాయి. గ్రాఫ్ థియరీలో పరిశోధన చేస్తోంది. చుక్కలు, వాటిని కలిపే గీతలు, ఇదీ ఆ శాస్త్రం సరుకు. ఏ ఒక్క గీత తెగితే మొత్తం అల్లిక రెండు ముక్కలవుతుందో, అలాంటి గీతలు ఎన్ని ఉన్నాయో, వాటిని త్వరగా ఎలా పట్టుకోవాలో ఆమె చూస్తుంది. అలాంటి గీతను వంతెన అంటారట. ఊరి పైపుల మ్యాప్ మీద తన లెక్క ప్రయత్నించి చూస్తానని ఉత్తరం రాస్తే, ఖర్చేమీ లేదు కాబట్టి విభాగం ఒప్పుకుంది. నాలుగు నెలలుగా వారానికి రెండుసార్లు వచ్చి రికార్డు గదిలో కూర్చుంటోంది. ఆఫీసు ఆమెకు గీతల మేడమ్ అని పేరు పెట్టేసింది. ఆ పేరు ఆమెకూ తెలుసు. తన టీ గ్లాసు మీద తనే ఆ పేరు రాసి అంటించుకుంది.

మేస్త్రి ఆఫీసుకు వచ్చేసరికి ఆమె ఆయన కోసమే చూస్తోంది.

"మేస్త్రి గారూ, ఒక్కమాట. మీరు ఎప్పుడూ మూసి ఉంచే వాల్వులు మొత్తం ఎన్ని?"

"ముప్ఫై ఏడు."

"సుమారుగానా?"

"సుమారేంటమ్మా, పొద్దున్నే లెక్కపెట్టాను." నడుము దగ్గర తీగను ఒకసారి గలగలలాడించాడు.

"ముప్ఫై ఎనిమిది ఉండాలండీ."

మేస్త్రి కడ్డీని గోడకు ఆనించి కుర్చీ లాక్కున్నాడు. తన వాషర్ల లెక్క తప్పని ఇంతవరకూ అన్నవాళ్లు లేరు. అసలు వాటికొక లెక్క ఉంటుందని అనుకున్నవాళ్లే లేరు.

"ఎవరు చెప్పారు?"

"మ్యాపే చెప్పింది. మ్యాప్‌లో పైపు ముక్కలు నాలుగొందల పన్నెండు. అవి కలిసేచోట్లు, చివర్లు అన్నీ కలిపి మూడొందల డెబ్భై అయిదు. గీతల్లోంచి చుక్కలు తీసేసి ఒకటి కలపాలి. ముప్ఫై ఎనిమిది. చక్రాలు అన్ని ఉన్నట్టు. చక్రానికొకటి మూస్తారు కదా మీరు, మరి ముప్ఫై ఎనిమిది ఉండాలిగా."

"తీసేసి ఒకటి కలిపితే చక్రాలొచ్చేస్తాయా? చూడకుండానే?"

"చూడకుండానే."

"అలా ఎలా వస్తాయి?"

ఆమె కిటికీలో ఉన్న అగ్గిపెట్టె తెచ్చి పుల్లలు బల్ల మీద పోసింది. నాలుగు పుల్లలతో ఒక చతురస్రం. "పుల్లలు నాలుగు, మూలలు నాలుగు. తీసేస్తే సున్నా, ఒకటి కలిపితే ఒకటి. ఒక చక్రం." పక్కనే ఇంకో గడి కట్టింది. "పుల్లలు ఏడు, మూలలు ఆరు. రెండు చక్రాలు."

మేస్త్రి ఊరుకోలేదు. తనే మూడో గడి కట్టాడు. పుల్లలు పది, మూలలు ఎనిమిది. మూడు. తోకలా ఒక పుల్లను బయటికి పెట్టాడు. పుల్లలు పదకొండు, మూలలు తొమ్మిది. అయినా మూడే. ఇంకో రెండు తోకలు పెట్టాడు, ఒకదాన్ని విరగ్గొట్టి మధ్యలో ఇరికించాడు. మేడమ్‌ని బోల్తా కొట్టిద్దామని పావుగంట తంటాలు పడ్డాడు. ఏం చేసినా లెక్క తప్పలేదు. పక్క బల్ల గుమస్తా కాగితాలు వదిలేసి తొంగిచూశాడు.

"ఏంటి మేస్త్రీ, రిటైరయ్యాక అగ్గిపుల్లల వ్యాపారమా?"

"నువ్వు నీ పని చూసుకోవయ్యా. ఇక్కడ పిల్ల తప్పిపోయింది," అన్నాడు మేస్త్రి. అన్నాక అది భార్య మాటని గుర్తొచ్చి మీసం నిమురుకున్నాడు.

చక్రానికొకటి చొప్పున తెంపేస్తే మిగిలేదాన్ని తమ లెక్కల్లో చెట్టు అంటారని మేడమ్ చెప్పింది. ఏ కొమ్మ నుంచి ఏ కొమ్మకు వెళ్లాలన్నా ఒకటే దారి ఉంటుంది.

"మా పెద్ద మేస్త్రి చెట్టూ అనలేదు, చేమా అనలేదు. ఏ ఇంటికీ రెండు దారులు ఉండకూడదనేవాడు, అంతే."

"ఆయన చదువుకున్నారా?"

"సంతకం పెట్టేవాడు."

ఆమె నవ్వి కంప్యూటరు ముందు కూర్చుంది. "వాషర్ల మీద నంబర్లు ఒక్కొక్కటే చెప్పండి. ఆ పైపుల్ని మ్యాప్‌లోంచి చెరిపేస్తాను. మీ లెక్క ప్రకారం చెట్టు మిగలాలి. మ్యాప్ ప్రకారం ఒక చక్రం మిగిలిపోతుంది, అదెక్కడుందో చూద్దాం."

ఆయన చదివాడు, ఆమె చెరిపింది. ముప్ఫై ఏడోది చెరిపాక తెర మీద తోకలన్నీ బూడిదరంగుకు మారిపోయి, మధ్యలో ఒకే ఒక్క ఎర్రటి గీత చుట్టూ తిరిగి వచ్చి తనను తాను కలుసుకుంది. మెయిన్ రోడ్డు, అక్కణ్నుంచి ఆసుపత్రి వీధి, అచ్చు ప్రెస్సు వెనక సందు దగ్గర మలుపు, ప్రెస్సు రోడ్డు, మళ్లీ మెయిన్ రోడ్డు.

మేస్త్రి ఆ గీత మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాడు.

"ఇలాంటి చక్రం లేదమ్మా," అన్నాడు.

"అయితే రెండిట్లో ఒకటే. దీంట్లో ఎక్కడో వాల్వు మూసి ఉంది, మీకు తెలీదు. లేదా మ్యాప్‌లో కలిసిన చోట కింద పైపులు కలవలేదు."

"నాకు తెలియని వాల్వు లేదు."

అది గొప్ప కాదు, సమాచారం. ఆమె దాన్ని అలాగే తీసుకుంది. మెల్లగా అంది, "రెండోదే నిజమైతే ఆసుపత్రికి ఇంకో దారి లేదండీ. ఆ వీధి పైపు వంతెన అవుతుంది. మ్యాప్‌ని నమ్మి, రెండో దారి ఉందని నేను ఆ వీధికి పచ్చరంగు చూపించాను. ఇంజనీరు గారు నన్ను నమ్మి గురువారం పెట్టారు."

మధ్యాహ్నం మేస్త్రి ఆ ఎర్రగీత వెంట నడిచాడు. మెయిన్ రోడ్డు మీద రద్దీ తగ్గేదాకా ఆగి, ఆసుపత్రి వీధి చివర పైపు కడగడానికి పెట్టిన పెద్ద కుళాయిని ఒక్కసారిగా తిప్పాడు. నీళ్లు బుస్సున రోడ్డు పక్క కాలవలోకి పడ్డాయి. దాన్ని అలాగే వదిలి ప్రెస్సు రోడ్డుకు నడిచి, ఛాంబరు మూత ఎత్తి, కడ్డీ ఆనించి కళ్లు మూసుకున్నాడు. రెండు పైపులూ కలిసి ఉంటే, అంత నీరు అక్కడ పోతుంటే ఇక్కడ పైపు ఊరుకోదు. గొంతులో గరగర మొదలవ్వాలి. ప్రెస్సు రోడ్డు పైపు తన మామూలు సన్నటి రొదతో తన పని తాను చేసుకుంటోంది. అవతల ఏం జరుగుతోందో దానికి పట్టలేదు. మూడుచోట్ల విన్నాడు. మూడుచోట్లా అంతే. వెనక్కి వెళ్లి కుళాయి కట్టేశాడు.

అప్పుడు రికార్డు గదికి వెళ్లాడు. మ్యాప్ అక్కడ బల్ల మీద గాజు కింద ఉంటుంది. దాని అవసరం ఆయనకు ఎన్నడూ పడలేదు. తనకు ఊరు కాళ్లతో తెలుసు. ప్రెస్సు వెనక సందు దగ్గర రెండు గీతలు ఒకదాన్నొకటి నేరుగా కోసుకుంటూ వెళ్లాయి, ప్లస్ గుర్తులా. పైపులు ఒకదాని మీద నుంచి ఒకటి దాటితే, ముట్టుకోలేదని చెప్పడానికి పై గీతను చిన్న గూనులా వంచి గీస్తారు. మ్యాప్ మొత్తం మీద అలాంటి గూనులు ఎన్ని ఉన్నాయో వేలుపెట్టి వెతికాడు. ఆరు. ప్రెస్సు దగ్గర గూను లేదు.

కింద కుడిమూల చూశాడు. నకలు తీసినవారు: రెండు పొడి అక్షరాలు. ఆయనవే.

ముప్ఫై నాలుగేళ్ల కిందట గుంటలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే రెండు నెలలు ఆఫీసులో కూర్చోబెట్టారు. చెయ్యి వణకదని చెప్పి, పురుగులు కొట్టేసిన పాత గుడ్డ మ్యాప్ ఇచ్చి నకలు తియ్యమన్నారు. గూనులు గియ్యడానికి చిన్న కంపాసు కావాలి. అది డ్రాఫ్ట్స్‌మన్ జేబులో ఉండేది, డ్రాఫ్ట్స్‌మన్ సెలవులో ఉండేవాడు. గూను రావాల్సిన ప్రతిచోటా వేలెడంత ఖాళీ వదిలి, పెన్సిల్‌తో టిక్కు పెట్టి ముందుకు పోయాడు. కంపాసు వచ్చిన రోజు అన్నీ ఒకేసారి వేశాడు. ఏడో ఖాళీని స్కేలు పెట్టి నేరుగా పూరించి ఉంటాడు. ఎప్పుడు, ఎలా పూరించాడో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. పాత గుడ్డ మ్యాప్‌ని ఆ ఏడే చింపి యంత్రాలు తుడవడానికి వాడేశారు. ఆ తరవాత నేలను ఆయన చూసుకున్నాడు, మ్యాప్‌ని ఎవరూ చూడలేదు. పెద్ద మేస్త్రి ఇచ్చిన వాషర్లు మొదట్నుంచీ ముప్ఫై ఏడే.

భార్య ఆ ఆసుపత్రి లాండ్రీలోనే పనిచేస్తుంది. ఆరు గంటలకు ఇంటికొచ్చి చేతులకు నూనె రాసుకుంటుంటే అడిగాడు.

"మీ ట్యాంకు నిండా ఉంటే ఎంతసేపొస్తుంది?"

"మూడు గంటలు. లాండ్రీ ఆపేస్తే నాలుగు. గురువారం ఆపక్కర్లేదన్నారులెండి, మీ వాళ్లేదో తిప్పుతారటగా, ఏ ఇబ్బందీ ఉండదని సూపరింటెండెంటుతో చెప్పారు. ఆ రోజు ఆపరేషన్లు కూడా పెట్టుకున్నారు. ఎందుకలా చూస్తున్నారు?"

చెప్పాడు. అగ్గిపుల్లల దగ్గర్నుంచి పొడి అక్షరాల దాకా. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అదే ఆయనకు కంగారు పుట్టించింది.

"అయితే మీదే తప్పు," అంది చివరికి.

"నాదే."

"ఎవరికైనా తెలుసా?"

"మ్యాప్ తప్పై ఉండొచ్చని మేడమ్‌కి తెలుసు. గీసింది ఎవరో తెలీదు."

"ఇరవై నాలుగు రోజులు." ఆమె నూనె సీసా మూత బిగించింది. "గురువారం గుట్టుచప్పుడు కాకుండా నాలుగు ట్యాంకర్లు పంపించెయ్యలేరా? డ్రైవర్లందరూ మీ మాట వింటారుగా."

"పంపించగలను."

"మరింకేం?"

"ఈ గురువారం నేనుంటాను. వచ్చే ఏడు ఇంకో గురువారం వస్తుంది. అప్పుడు నేనుండను, మ్యాప్ ఉంటుంది."

"పోనీ కంపాసు తెచ్చి ఇప్పుడు గూను గీసెయ్యండి, ఎవరు చూడొచ్చారు!"

"గాజు కింద ఉందే. పైగా కంప్యూటర్లోకి ఎక్కిపోయింది."

"మీరూ, మీ చెవులూ," అంది ఆమె. "మెమో ఇస్తారా?"

"ఇస్తారు."

"ఇవ్వనీండి. మన పెళ్లప్పుడు కూడా మీకు మచ్చ లేదనే చెప్పారు మా వాళ్లతో."

మంగళవారం పదింటికి ఇంజనీరు గదిలో మేస్త్రి నిలబడే మాట్లాడాడు. గీతల మేడమ్ తన లెక్క కాగితం పట్టుకుని పక్కనే ఉంది. ఇంజనీరు మేస్త్రికన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడు, మంచివాడే, కానీ షట్‌డౌన్ సంగతి మైకులో చాటించేశాడు.

"మ్యాప్‌లో జాయింటు ఉంది కదా, మేస్త్రీ?"

"మ్యాప్‌లో ఉంది సార్. కింద లేదు."

"ఎలా తెలుసు?"

"విన్నాను."

"విన్నానని రాస్తే పైవాళ్లు నవ్వుతారయ్యా. రోడ్డు తవ్వాలంటే కారణం రాయాలి. ఏం రాయను?"

"మ్యాప్ తప్పని రాయండి."

"ఎవరు చెప్పారని రాయను?"

"గీసినవాడే చెప్పాడని రాయండి."

ఇంజనీరుకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. మేస్త్రి జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. నకలు తీసేటప్పుడు ప్రెస్సు సందు దగ్గర దాటుడు గుర్తు నేను వదిలేశాను, అని ఒక వాక్యం, కింద సంతకం.

"ఇది ఫైల్లోకెక్కితే నీ రిటైర్మెంటు కాగితాలు ఆగిపోతాయి. తెలుసుగా?"

"తెలుసు సార్."

"ఇంకోసారి ఆలోచించుకుంటావా?"

"మా ఆవిడ రెండుసార్లు ఆలోచించమంది సార్. అయిపోయాయి."

ఇంజనీరు కాగితం తీసుకుని ఫైల్లో పెట్టాడు. తవ్వడానికి సంతకం చేశాడు.

ప్రెస్సు వెనక సందులో ఇద్దరు కూలీలు మధ్యాహ్నం రెండింటికి గునపం వేశారు. మూడడుగుల లోతులో ఆసుపత్రి పైపు పైభాగం తగిలింది, పోత ఇనుము, నల్లగా. దాని కిందికి ఇంకా తవ్వితే నాలుగున్నర అడుగుల దగ్గర ప్రెస్సు రోడ్డు పైపు అడ్డంగా పోతూ కనిపించింది. రెండిటికీ మధ్య జానెడు మట్టి. జాయింటు లేదు, ఒకప్పుడు ఉండిన ఆనవాలూ లేదు. గీతల మేడమ్ గుంట అంచున కూర్చుని రెండు పైపుల్నీ మార్చి మార్చి చూసింది.

"ఏం మేడమ్, మీ గీత ఇంత లావుంటుందని అనుకోలేదు కదూ?" అన్నాడు ఒక కూలీ.

"నా లెక్కలో గీతకు లావుండదు," అంది ఆమె. "అందుకే ఈ గొడవంతా."

ఆమె అక్కడే కంప్యూటరు తెరిచి ఆ చుక్కను తీసేసింది. గీతలు నాలుగొందల పది, చుక్కలు మూడొందల డెబ్భై నాలుగు. తీసేసి ఒకటి కలిపితే ముప్ఫై ఏడు. ఆసుపత్రి వీధి పచ్చరంగు పోయి, వంతెన అని చెబుతూ ఎర్రగా మారింది. ఆమె తెరను మేస్త్రి వైపు తిప్పింది. ఆయన ఒకసారి చూసి తలూపాడు. ముప్ఫై ఏడన్నది ఆయనకు కొత్త వార్త కాదు.

గురువారం షట్‌డౌన్ వాయిదా పడింది. మైకు బండి మళ్లీ ఊరంతా తిరిగింది. పంపుహౌసు వాళ్లు తిట్టుకున్నారు. ఆసుపత్రి సూపరింటెండెంటు ఫోన్‌లో ఇంజనీరుకు తన అభిప్రాయం పది నిమిషాలు చెప్పాడు. ఇంజనీరు మ్యాప్ సరిచేయించడానికి ఫైలు కదిపి చూశాడు. మ్యాప్‌లో ఒక గుర్తు మార్చాలంటే మూడు ఆఫీసుల్లో మూడు సంతకాలు కావాలి, కనీసం అయిదు నెలలు. తవ్వేసిన గుంటలో రెండు పైపుల్నీ కలపాలంటే ఒక్క వర్క్ ఆర్డరు చాలు, అదీ తన సంతకమే. ఆసుపత్రికి రెండో దారి ఎలాగూ కావాలి.

"మ్యాప్‌ని మార్చలేకపోతే నేలనే మారుద్దాం మేస్త్రీ," అన్నాడు.

శనివారానికల్లా పని అయిపోయింది. రెండు పైపులకూ మధ్య నిలువుగా ఒక చిన్న ముక్క, దాని మీద కొత్త వాల్వు. ఈ ముక్కతో గీతలు నాలుగొందల పదమూడు, చుక్కలు మూడొందల డెబ్భై ఆరు అయ్యాయనీ, చక్రాలు మాత్రం మ్యాప్‌లో మొదట్నుంచీ ఉన్నన్నే అనీ మేడమ్ చెప్పింది. మేస్త్రి మనసులోనే తీసేసి, ఒకటి కలిపి చూసుకున్నాడు. అగ్గిపుల్లలు అక్కర్లేకపోయింది.

షట్‌డౌన్ తరవాతి గురువారం జరిగింది. పొద్దున ఏడింటికి మేస్త్రి కొత్త వాల్వు తెరిచాడు. ఆసుపత్రి వీధిలో కడ్డీ ఆనించి నీళ్లు ప్రెస్సు వైపు నుంచి వచ్చే చప్పుడు విన్నాడు. సాయంత్రం అయిదింటికి మెయిన్ వైపు పని ముగిశాక మళ్లీ మూసేశాడు. ఆ రోజు ఆసుపత్రిలో నలుగురు పిల్లలు పుట్టారు, ఆపరేషన్లు అనుకున్న వేళకే అయ్యాయి. భార్య ఇంటికొచ్చి, "దుప్పట్లు పదకొండింటికే ఆరేశాం. నీళ్లు కాస్త ఎర్రగా వచ్చాయి, మొదటి ట్రిప్పు పాడైపోయింది. రెండు దారులిచ్చేవాళ్లు కాస్త కడిగి ఇవ్వకూడదూ?" అంది.

మెమో వచ్చింది. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మన్నారు. మేస్త్రి అంతకుముందు రాసిన వాక్యాన్నే ఇంకో కాగితం మీద రాసిచ్చాడు. సర్వీసు పుస్తకంలో 'నకలు తీయుటలో అజాగ్రత్త' అని ఎక్కింది. ఇంజనీరు పక్కనే ఇంకేదో మంచి ముక్క రాయబోతే, ఆ గడిలో చోటు లేదని గుమస్తా చెప్పాడు. మ్యాప్ తప్పుకు మెమో ఇచ్చిన రోజుకు మ్యాప్ తప్పు కాదని మేడమ్ అంటే, ఆ మాట రాయడానికి అసలు గడే లేదన్నాడు. రిటైర్మెంటు కాగితాలు రెండు నెలలు ఆగుతాయి.

ఆఖరి రోజు మధ్యాహ్నం మేస్త్రి స్టోర్సుకు వెళ్లి ఒక ఇత్తడి వాషరు అడిగి తీసుకున్నాడు. బెంచీ మీద పెట్టి, మేకుతో కొత్త వాల్వు నంబరు కొట్టాడు. చెయ్యి వణకలేదు. తీగ మెలి విప్పి దాన్ని చివర గుచ్చి మళ్లీ మెలేశాడు. తన చోట్లోకి వస్తున్న మేస్త్రికి తీగచుట్టనూ కడ్డీనీ అప్పగించాడు.

"ఇవి ఏ రిజిస్టరులో ఉన్నాయి?" అని అడిగాడు కొత్త మేస్త్రి.

"దేంట్లోనూ లేవు. లెక్కపెట్టుకో."

కొత్త మేస్త్రి బొటనవేలితో ఒక్కొక్కటే పక్కకు నెట్టి చివరిదాకా వెళ్లాడు. వెనక నుంచి ముందుకు ఇంకోసారి లెక్కపెట్టమన్నాడు చెవి మేస్త్రి. పెట్టాడు. ముప్ఫై ఎనిమిది.